తెలుగు పేజీ, దుబాయ్ కస్టమర్, డాలర్ల బిల్లు: మీ వెబ్‌సైట్ ఏ భాషల్లో, ఏ దేశాలకు, ఎలా ఉండాలి?

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు కట్టిపెట్టడం నా పని. మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక షాపు వాళ్లు ఆమధ్య వచ్చి, "మా సైటును ఐదు భాషల్లో పెట్టేయండి, అమెరికా, దుబాయ్, జర్మనీ అన్నీ కవరైపోవాలి" అన్నారు. ఇలా అడిగేవాళ్లు చాలామంది. అందులో రెండు వేరు వేరు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. భాష ఒక ప్రశ్న, దేశం ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ విడదీయకుండా పని మొదలుపెడితే డబ్బు ఒకచోట పోస్తాం, అవసరం ఇంకోచోట ఉంటుంది.

ఆ షాపు పాత ఆర్డర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. దుబాయ్ నుంచి కొనేవాళ్లు దాదాపు అందరూ తెలుగువాళ్లే, అక్కడక్కడా ఒకరిద్దరు మలయాళీలు. అరబిక్ పేజీ పెడితే వాళ్లలో ఒక్కరికీ పనికిరాదు. వాళ్లకు కావాల్సింది దిర్హమ్‌లలో ధర, పిన్‌కోడ్ అడగని ఫారం. అదే మంగళగిరిలో రెండు వీధుల అవతల ఉండే పెద్దావిడకు దేశం మారలేదు, రూపాయలు మారలేదు, పార్సిల్ మారలేదు. కానీ తెలుగు పేజీ ఉంటే తప్ప ఆవిడ మనవరాలి సాయం లేకుండా ఆర్డర్ పెట్టలేరు. జర్మనీలో ఉన్నది ఒకే ఒక్క కొనుగోలుదారు. చీరలు కాదు, తానుల లెక్కన బట్ట తీసుకుంటారు, మెయిల్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు.

అంటే ఐదు భాషల ప్రాజెక్టు కాస్తా రెండు భాషలు, మూడు కరెన్సీలకు దిగింది. మీరు కూడా ఎవరికీ డబ్బు కట్టకముందే ఈ లెక్క వేసుకోండి. ఒక కాగితం మీద ఎడమపక్క భాషలు, కుడిపక్క దేశాలు రాసి, గత సంవత్సరం వచ్చిన ఒక్కో ఆర్డరుకూ, ఒక్కో ఫోనుకూ వాటి ఎదురుగా ఒక గీత గీయండి. గీతలు పడని భాషను ఇప్పటికి వదిలేయండి.

సైటు అడ్రసు: వేరే డొమైనా, సబ్‌డొమైనా, ఫోల్డరా?

తెలుగు పేజీలు ఎక్కడ ఉండాలన్నదానికి మూడు దారులున్నాయి. దేశానికో డొమైన్ కొనడం: ఇండియాకు డాట్ ఇన్, జర్మనీకి డాట్ డీఈ. లేదా ఒకే డొమైన్ ముందు భాష పేరు తగిలించడం. వికీపీడియా చేసేది ఇదే, తెలుగు వికీపీడియా 2003 నుంచీ టీఈ (తెలుగుకు అంతర్జాతీయ కోడ్) అనే సబ్‌డొమైన్ మీదే నడుస్తోంది. లేదా డొమైన్ చివర స్లాష్ పెట్టి టీఈ, ఈఎన్ అని ఫోల్డర్లు చేయడం.

దేశానికో డొమైన్ ఉంటే "ఈ షాపు మా దేశంలోదే" అన్న నమ్మకం కలుగుతుంది. గూగుల్‌కు కూడా ఇది ఏ దేశానికి చెందిన సైటో గట్టిగా తెలుస్తుంది. కాకపోతే ప్రతి డొమైన్‌నూ సున్నా నుంచి పెంచుకోవాలి. ఒక సైటుకు వచ్చిన పేరు ఇంకోదానికి రాదు. పైగా కొన్ని దేశాలు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వవు. ఆస్ట్రేలియా డాట్ ఏయూ, కెనడా డాట్ సీఏ కావాలంటే ఆ దేశంతో చట్టబద్ధమైన సంబంధం చూపించాలి. మెల్‌బోర్న్‌లోనో టొరంటోలోనో తెలుగు కస్టమర్లు ఉన్నంత మాత్రాన మంగళగిరి షాపుకు అవి రావు.

సబ్‌డొమైన్ మంచి పద్ధతే, అయితే ఒక్కో భాషకు ఒక్కో టీమ్, వేరే సర్వర్ ఉన్న పెద్ద సంస్థలకు. వికీపీడియాలో ఒక్కో భాషకు రాసేవాళ్లు వేరు, వ్యాసాలు వేరు. నిజానికి అవి వేరు వేరు సైట్లు. అక్కడ అది అతికినట్టు సరిపోతుంది. ఇద్దరు మనుషులు నడిపే షాపుకు అంత హంగు అక్కర్లేదు.

చిన్న, మధ్య తరహా వ్యాపారానికి నేను ఫోల్డరే చెబుతాను, పెద్దగా తటపటాయించకుండా. ఒకే హోస్టింగ్, ఒకే భద్రతా సర్టిఫికెట్, వచ్చిన మంచిపేరంతా ఒకే డొమైన్‌కు. ఏ ఫోల్డర్ ఏ దేశానికి అని, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో చెప్పే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది, 2022లో తీసేశారు. ఇప్పుడు ఆ సంగతి పేజీలోనే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే ట్యాగుతో చెప్పాలి. గూగుల్ దీన్ని 2011లో తెచ్చింది. చూడ్డానికి చిన్నదే గానీ తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. ముందు భాష కోడ్, తర్వాత కావాలంటే దేశం కోడ్. దేశం ఒక్కటే రాస్తే చెల్లదు. బ్రిటన్‌కు యూకే అని రాయకూడదు, జీబీ అని రాయాలి. తెలంగాణ కస్టమర్ల కోసమని ఒకరు టీఈ-టీజీ అని పెట్టడం చూశాను. 2024 నుంచి మన బళ్ల నంబర్ల మీద టీజీ ఉంది కదా అని అనుకున్నారు పాపం. అంతర్జాతీయ కోడ్‌లలో టీజీ అంటే ఆఫ్రికాలోని టోగో దేశం. రాష్ట్రాలకు ఇందులో చోటు లేదు, టీఈ అని ఒక్కటే చాలు. ఇంకొకటి: తెలుగు పేజీ ఇంగ్లిష్ పేజీని చూపిస్తే, ఇంగ్లిష్ పేజీ కూడా తిరిగి తెలుగు పేజీని చూపించాలి. ఒకవైపే ఉంటే గూగుల్ దాన్ని పట్టించుకోదు.

తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా దొరుకుతుంది. పేరు కాపాడుకోవడానికి కొని, అసలు సైటుకు దారి మళ్లించండి. దాన్నే ప్రధాన అడ్రసు చేయమని మాత్రం ఇప్పుడే చెప్పను. చాలా ఫారాలు ఆ డొమైన్‌తో ఉన్న మెయిల్ ఐడీని తీసుకోవు.

అనువాదం: మెషీన్, మనిషి, ఇద్దరూ

అన్నిటికంటే తేలిగ్గా కనిపించేది సైటు మూలన అనువాద బటన్ పెట్టేయడం. వ్యాపారానికి ఇది వద్దు. గూగుల్ వాళ్ల ఉచిత బటన్‌ను 2019లో కొత్త సైట్లకు ఆపేశారు, 2020లో మళ్లీ తెరిచినా ప్రభుత్వ సైట్లకూ, లాభాపేక్ష లేని సైట్లకూ మాత్రమే. అది అటుంచినా, ఆ అనువాదం చూసేవాళ్ల బ్రౌజర్లో ఆ క్షణానికి తయారై మాయమైపోతుంది. మీ సైటులో తెలుగు పేజీ అంటూ ఏదీ ఉండదు. ఎవరైనా "నిజాం అంచు కాటన్ చీర" అని తెలుగులో వెతికితే మీరు దొరకరు. చదవాలనుకున్నవాళ్లకు క్రోమ్ బ్రౌజరే ఎలాగూ అనువదించి పెడుతుంది. దానికోసం మీరు బటన్ పెట్టక్కర్లేదు.

రెండో దారి, మెషీన్ చేత ముందుగానే అనువాదం చేయించి పేజీలుగా పెట్టుకోవడం. పేజీలైతే దొరుకుతాయి. నాణ్యత ఎలా ఉంటుందో ఈ చీరల సైటు మొదటి అనువాదంలో కనిపించిన మాటలే చెబుతాయి. చీర బోర్డర్ కాస్తా "సరిహద్దు" అయింది, కాబట్టి నిజాం అంచు "నిజాం సరిహద్దు" అయింది. చీరకు కుట్టే ఫాల్ "పతనం" అయింది. రన్నింగ్ బ్లౌజ్ "నడుస్తున్న జాకెట్టు" అయింది. చెకౌట్ బటన్ మీద "తనిఖీ చేయండి" అని వచ్చింది. ఆ ఒక్క బటన్ చాలు, డబ్బు కట్టబోతున్న మనిషి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి. చేనేత గురించి ఏమీ తెలియని మనుషుల షాపులా కనిపించింది ఆ పేజీ. కొన్ని దశాబ్దాలుగా మగ్గాల వాళ్లతోనే బతుకుతున్న కుటుంబం వాళ్లది. నాకు బాధేసింది.

అలాగని మెషీన్‌ను పూర్తిగా పక్కన పెట్టమనను. గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది 2011లో, అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి కూడా భారతీయ భాషల కోసమే పనిచేస్తోంది. మామూలు వాక్యాలు బాగానే వస్తున్నాయి. వృత్తి మాటల దగ్గరే దెబ్బతింటాం. అందుకని మేము చేసింది మధ్యే మార్గం. ముందు షాపులో కౌంటర్ మీద ఉండే అమ్మాయిని కూర్చోబెట్టి, కస్టమర్లతో ఆమె వాడే మాటలే ఓ అరవై దాకా రాసుకున్నాం. అంచు, కొంగు, బుటా, గళ్లు, ఫాల్, జాకెట్టు ముక్క. "బ్లౌజ్ పీస్ అంటారా, జాకెట్టు ముక్క అంటారా?" అంటే, "పెద్దవాళ్లయితే జాకెట్టు ముక్కండి, మా వయసువాళ్లు బ్లౌజే అంటారు" అంది. రెండూ పెట్టాం. ఆ పట్టిక ఇచ్చి మెషీన్ చేత చేయించాం, తర్వాత మనిషి చేత దిద్దించాం.

ఏ పేజీకి ఎంత శ్రద్ధ పెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. డబ్బు కట్టే పేజీ, వాపసు షరతులు, డెలివరీ వివరాలు, హోమ్ పేజీ, ఈ నాలుగూ మనిషే మొదటి నుంచీ తెలుగులో రాయాలి. అనువాదం అనే ఆలోచనే పెట్టుకోకుండా రాయాలి. వందల కొద్దీ చీరల వివరాలకు మెషీన్ ప్లస్ దిద్దుబాటు చాలు. పాత వార్తలు, బ్లాగు లాంటివి అనువదించకుండా వదిలేసినా ఎవరూ అడగరు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌గా ఉన్న డబ్బు కట్టే పేజీ కంటే, అసలు తెలుగు లేని సైటే నయం. నమ్మి మధ్యదాకా వచ్చిన మనిషిని అక్కడ వదిలేయకూడదు.

"తెలుగువాళ్లందరికీ ఇంగ్లిష్ వచ్చుగా, ఇంత కష్టం ఎందుకు?" అని కొందరంటారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల పైమాటే. వాళ్లలో ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోగలవాళ్లు చాలామందే ఉండొచ్చు. అక్షరాలు తెలియడం వేరు, "ఈ చీర నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా" అన్నది టెన్షన్ లేకుండా అర్థం చేసుకోవడం వేరు.

తెలుగు వాక్యంలో ఖాళీలు పూరిస్తే

ఇది డెవలపర్లకు చెప్పాల్సిన సంగతి. షాపు యజమానులు కూడా తెలుసుకుంటే, పని ఇచ్చేముందు అడగగలుగుతారు.

ఇంగ్లిష్ సైట్లలో ఊరి పేరు దగ్గర ఖాళీ ఉంచి, వాక్యం అచ్చులా పోస్తారు. తెలుగులో అలా కుదరదు. ఊరి పేరు పక్కన "కు" అని పెట్టేశారనుకోండి. గుంటూరుకు బాగానే ఉంది. తిరుపతి దగ్గరికొచ్చేసరికి "తిరుపతికు" అవుతుంది, కావాల్సింది తిరుపతికి. విశాఖపట్నం అయితే విశాఖపట్నానికి, మాటే మారిపోయింది. మొదట ఇలాంటివి కోడ్‌తో సరిచేయాలని చూశాను, ఒక వారం పోయింది. తర్వాత తెలిసొచ్చింది, వాక్యాన్నే మార్చేయాలని. "చేరాల్సిన ఊరు: విశాఖపట్నం." ప్రత్యయం లేదు, గొడవా లేదు. కస్టమర్ పేరుకు "గారు" తగిలిస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఏ పేరైనా "గారికి" దగ్గర కుదురుతుంది, "వచ్చారు", "చెల్లించారు" అంటే ఆడా మగా తేడా కూడా రాదు.

ఇంగ్లిష్ ఊరి పేర్ల దగ్గర మరో చిక్కు. "హైదరాబాద్‌లో" అని సరిగ్గా కనిపించాలంటే ద్‌కూ లోకూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే "హైదరాబాద్లో" అని లకారం ఒత్తుగా మారి కిందికి వెళ్లిపోతుంది. చాలా సైట్లు ఫారంలోంచి వచ్చిన మాటలను శుభ్రం చేసేటప్పుడు ఈ గుర్తును చెత్త అనుకుని తీసేస్తాయి. మీ డెవలపర్ను ఇది ఉంచమని చెప్పండి. ఈ గుర్తు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అక్షరం మధ్యలో ఇది పడితే ఐఫోన్లలో యాప్‌లు ఉన్నపళంగా మూసుకుపోయేవి. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ అది సర్దుకోలేదు.

ఫాంట్ల సంగతికొస్తే, నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగానే ఉన్నాయి. చదివే మాటకు నోటో, శీర్షికకు రామభద్ర నాకు నచ్చిన జోడీ. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ ఎత్తు తెలుగుకు చాలదు, ఒత్తులు కింది వరుస గుడి దీర్ఘాలకు తగులుతాయి. అక్షరం సైజుకు 1.7 రెట్లు దాకా ఇవ్వండి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్‌ను తెలుగు పేజీల్లో తీసేయండి. షాపు పాంప్లెట్ అను ఫాంట్లలో టైప్ చేసింది ఉంటే దాన్ని నేరుగా సైటులోకి అతికించకండి, అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, చెత్త అక్షరాలు వస్తాయి. ముందు కన్వర్ట్ చేయించాలి.

ఎస్‌ఎంఎస్ ఖర్చు కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఒక ఎస్‌ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. వాటిలో గుణింతం గుర్తులూ, ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "మీ ఆర్డర్ బయల్దేరింది" అన్న చిన్న కబురు కాస్త సాగితే రెండు మెసేజ్‌ల డబ్బు. కుదించి రాయండి. తెలుగు టెంప్లేట్‌ను డీఎల్‌టీలో (వ్యాపార ఎస్‌ఎంఎస్‌లను నమోదు చేయించే వేదిక) విడిగా రిజిస్టర్ చేయించడం మర్చిపోకండి.

సైటే భాష నిర్ణయించాలా, మనిషిని అడగాలా?

ఎక్కడినుంచి చూస్తున్నారో కనిపెట్టి, ఆ దేశం పేజీకి తోసేయడం చాలామందికి తెలివైన పనిగా కనిపిస్తుంది. నేను ఒప్పుకోను. డల్లాస్ నుంచి సెలవులకు గుంటూరు వచ్చిన అమ్మాయికి డాలర్ల పేజీ కావాలి, సైటు రూపాయల పేజీ చూపిస్తుంది. వద్దన్నా మళ్లీ మళ్లీ అక్కడికే తోస్తుంది. వెతుకులాట కోసం సైట్లను చదివే గూగుల్ రోబో చాలావరకు అమెరికా నుంచే వస్తుంది కాబట్టి, తెలుగు పేజీలు దాని కంట పడకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. ఫోన్ భాషను బట్టి నిర్ణయించడం కొంచెం నయం. అయినా మన దగ్గర నేను చూసిన ఫోన్లు ఎక్కువ ఇంగ్లిష్ సెట్టింగ్‌లోనే ఉంటాయి, తెలుగు మాత్రమే చదివేవాళ్లవి కూడా. షాపులో కొనిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే.

కాబట్టి అడగండి. పైన ఒక సన్నని పట్టీలో, తెలుగు లిపిలోనే "ఈ పేజీ తెలుగులో చూడండి" అని ఉంటే చాలు. నొక్కితే అదే చీర తెలుగు పేజీ రావాలి, హోమ్ పేజీ కాదు. ఎంచుకున్నది గుర్తు పెట్టుకోవాలి. భాషలకు జెండాలు పెట్టకండి. మువ్వన్నెల జెండా నొక్కితే తెలుగు రావాలా, హిందీ రావాలా, తమిళం రావాలా? భాష పేరు దాని సొంత లిపిలో రాస్తే ఏ తికమకా ఉండదు. భాష బటన్ ఒకటి, దేశం-కరెన్సీ బటన్ ఇంకొకటి, విడివిడిగా ఉండాలి. దుబాయ్ తెలుగువాళ్ల కోసం ఇది తప్పనిసరి.

దేశం వైపు పని

అంకెలు ముందు. మన 1,25,000 అమెరికాలో 125,000, జర్మనీలో 125.000. జర్మనీలో చుక్క వేలకు, కామా పైసలకు. 1.250 అని కనిపిస్తే వాళ్లకది పన్నెండు వందల యాభై, మనకు ఒకటింబావు. తేదీ 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. పెళ్లికి చీర ఎప్పుడొస్తుందో చూసుకునేవాళ్లకు నెల తేడా అంటే మాటలు కాదు. నెల పేరు అక్షరాల్లో రాసేస్తే సరిపోతుంది.

ఫారంలో పిన్‌కోడ్ తప్పనిసరి అని పెడితే యూఏఈ వాళ్లు ఆర్డర్ పెట్టలేరు, అక్కడ పిన్‌కోడ్ పద్ధతే లేదు. మనకు ఆరు అంకెలు, అమెరికాకు ఐదు. పేరును రెండు ముక్కలుగా అడగకండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది, "కనీసం రెండు అక్షరాలు" అని ఎర్రగా చూపిస్తే వాళ్లేం చేస్తారు? "పూర్తి పేరు" అని ఒకే గడి పెట్టండి.

అసలు బరువు చట్టాల దగ్గర ఉంది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. అంటే ఒక్క చీర పంపినా సుంకం ఎవరు కడతారో అమెరికా పేజీలో ముందే చెప్పాలి. జర్మనీకి అమ్ముతామని జర్మన్ పేజీ తెరిస్తే, యూరప్ నిబంధనల ప్రకారం మామూలు కొనుగోలుదారు 14 రోజుల్లో కారణం చెప్పకుండా వాపసు ఇవ్వొచ్చు. ఇంప్రెస్సుమ్ అనే వ్యాపార వివరాల పేజీ కూడా ఉండాలి. ఆ వాపసులు మంగళగిరి నుంచి చూసుకోగలరా? లేకపోతే జర్మన్ పేజీ తెరవకండి. మా షాపుకు అందుకే టోకు కొనుగోలుదారుల కోసం ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క విచారణ పేజీ పెట్టాం. జర్మనీలోని ఆ కొనుగోలుదారుకు అంతకుమించి అక్కర్లేదు కూడా.

ఏ సాధనంతో?

సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టింది అయితే, భాషలు చేర్చే పాలీలాంగ్ ప్లగిన్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టొచ్చు, కాకపోతే వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాల ప్లగిన్) షాపుకు డబ్బు కట్టి యాడ్-ఆన్ తీసుకోవాలి. అలాంటిదే ఇంకో ప్లగిన్ డబ్ల్యూపీఎంఎల్‌కు మొదటి నుంచీ డబ్బు కట్టాలి, పెద్ద కేటలాగ్ ఉంటే ఆ డబ్బు దండగ కాదు. ఆన్‌లైన్ షాపుల వేదిక షాపిఫైలో ఉన్నవాళ్లకు వాళ్లదే ట్రాన్స్‌లేట్ అండ్ అడాప్ట్ యాప్ చాలు. నెలవారీ చందా సర్వీసులు పావుగంటలో భాషలన్నీ చేర్చేస్తాయి. తీసుకునేముందు ఒక్క ప్రశ్న అడగండి: చందా ఆపేస్తే మేము దిద్దుకున్న తెలుగు మాటలు మా చేతిలో ఉంటాయా? ఉండవంటే వద్దు.

సాధనం కంటే ముందు మనిషిని చూసుకోండి. కొత్త చీర ఎక్కించిన రోజే, ధర మారిన రోజే, తెలుగు పేజీలో మార్చేది ఎవరు? ఆ షాపులో ఇప్పుడు కౌంటర్ అమ్మాయే ఆ పని చేస్తోంది, రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత ఓ అరగంట. మొన్న "కొంగు" ఫొటో కింద "పల్లు" అని పడిందని తనే పట్టుకుని మార్చింది. హిందీ పేజీ ఎప్పుడు పెడదామని ఆ షాపు వాళ్లు మళ్లీ అడిగారు. ఆ అరగంట ఇంకో భాషకు ఎవరు ఇస్తారో తేలినప్పుడు మొదలుపెడదామని చెప్పాను.